ధర అడగకముందు కొలవాల్సినవి

నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారన్న కబురు అందగానే బీర్కూర్, నస్రుల్లాబాద్, వర్ని, కోటగిరి వైపు ట్రాక్టర్లన్నీ ఒక్కసారే పొలంలోకి దిగుతాయి. మంజీర మీద ఆ ప్రాజెక్టు 1931లో పూర్తయినప్పటి నుంచి ఇక్కడి వరి పనులకు ముహూర్తం పెట్టేది ఆ నీళ్లే. కేజ్‌వీల్స్ బిగించుకొని బురదలో పొద్దస్తమానం తిరిగే ఆ రోజుల్లోనే ఇంజిన్ మీద ఏడాది మొత్తంలోకెల్లా ఎక్కువ బరువు పడుతుంది. క్రాంక్‌షాఫ్ట్ చెడేది కూడా ఎక్కువగా అప్పుడే. కింది నుంచి టకటకమని చప్పుడు మొదలవుతుంది, ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి వాలుతుంది. మెకానిక్ ఛాంబర్ విప్పి, బేరింగు ముక్కను చేతిలో పెట్టుకొని "క్రాంక్ పోయింది" అంటాడు.

ఆ మాట విన్నాక మనిషి తీసుకునే నిర్ణయాలు చాలావరకు భయంతో తీసుకునేవే. నారు ముదురుతోంది, కూలీలతో మాట అయిపోయింది, పక్క పొలం వాళ్లు నాట్లు వేసేస్తున్నారు. ఇలాంటప్పుడు ఎవరో ఫోన్ చేసి "నా దగ్గర మంచి క్రాంక్ ఉంది, అదే ఇంజిన్‌ది, ఇప్పుడే వస్తే ఇస్తా" అంటే వెంటనే బండెక్కుతాం. ఈ అధ్యాయం ఆ బండెక్కబోయే మనిషి కోసం. పాత క్రాంక్‌షాఫ్ట్ కొనడంలో తప్పేమీ లేదు. మంచి ఉక్కుతో చేసినది, బాగా చూసుకున్నది అయితే ఇరవై ఏళ్ల తర్వాత కూడా మరో ఇంజిన్‌లో కొత్తదానిలా పనిచేస్తుంది. అయితే అమ్మేవాళ్లు చెప్పే పేరు మీద నమ్మకంతో దాన్ని కొనకూడదు. పేరు ఎవరైనా చెప్పగలరు. కొలతలు మాత్రం ఆ ఇనుములోనే ఉంటాయి, అడిగితే ఎవరికైనా ఒకేలా జవాబిస్తాయి. అడగడం నేర్చుకోవాల్సింది మనమే.

ముందుగా సమయం సంగతి. ఇంజిన్ విప్పించే ఆలోచన ఉంటే యాసంగి కోతలు అయిపోయాక, వానాకాలం నాట్లకు ముందు వచ్చే ఖాళీలో విప్పించండి. చప్పుడు, పొగ, ఆయిల్ తగ్గడం లాంటి లక్షణాలు యాసంగిలోనే కనిపించి ఉంటాయి. "ఈ ఒక్క పంట గడిచిపోనీ" అనుకోవడమే అసలు ఖర్చు. మే నెలలో తీరికగా నాలుగు చోట్ల తిరిగి చూసి కొన్న క్రాంక్‌కూ, జులైలో పొలం గట్టు మీద నుంచి ఫోన్‌లో బేరం చేసిన క్రాంక్‌కూ ధరలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. తేడా అంతా ఎంచుకునే అవకాశంలో ఉంటుంది.

పాతదాన్ని పారేయకండి

కొత్తగా కొనబోయే క్రాంక్‌ను గుర్తుపట్టడానికి మీ దగ్గరున్న మొదటి ఆధారం మీ పాత క్రాంకే. అది విరిగినా, అరిగినా తుక్కుకు అమ్మకండి. బోరింగ్ షాప్‌లో వదిలేసి రాకండి. ఇంటికి తెచ్చి, డీజిల్‌తో కడిగి, ఒక నోట్‌బుక్ తీసుకొని కూర్చోండి. మెయిన్ జర్నల్స్ ఎన్ని, కనెక్టింగ్ రాడ్ పట్టే పిన్‌లు ఎన్ని, అవి ఒకదానికొకటి ఏ కోణంలో ఉన్నాయి, ఫ్లైవీల్ బిగించే చోట బోల్టు రంధ్రాలు ఎన్ని, ముందు పుల్లీ ఎక్కే ముక్కు పొడవెంత, అందులో చావి గాడి ఎక్కడుంది, వెనక ఆయిల్ సీల్ తాడు రకమా రబ్బరు రకమా రాసుకోండి. తాడు సీల్ ఉన్న పాత ఇంజిన్లలో క్రాంక్ వెనక భాగాన ఆయిల్‌ను లోపలికి నెట్టే సన్నటి మరలాంటి గాడి ఉంటుంది. రబ్బరు సీల్ వచ్చే వాటికి ఆ చోట నున్నగా ఉండాలి. మిగతా కొలతలన్నీ కలిసి, ఈ ఒక్కటి కలవకపోయినా ఇంజిన్ బిగించిన వారానికే క్లచ్ ప్లేటు మీదికి ఆయిల్ కారుతుంది. అప్పుడు ట్రాక్టర్‌ను మళ్లీ రెండు ముక్కలుగా విడదీయాల్సిందే.

మన వైపు ఎక్కువగా కనిపించే మూడు సిలిండర్ల మాసీ ఫెర్గూసన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఈ ట్రాక్టర్లలోని చెన్నై సింప్సన్ ఇంజిన్లకు మూలం ఇంగ్లండ్‌కు చెందిన పెర్కిన్స్ నమూనాలు. పెర్కిన్స్ పాత పేర్లు చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. ఏడీ3.152 అన్న పేరులో చుక్కకు ముందున్న 3 సిలిండర్ల లెక్క, తర్వాతి 152 ఘనపుటంగుళాల్లో ఇంజిన్ పరిమాణం. నాలుగు సిలిండర్ల 4.203, 4.236 పేర్లూ ఇలాగే చదవాలి. ఏడీ3.152కు బోరు 91.44 మి.మీ., స్ట్రోకు 127 మి.మీ. బోరును బోరుతో గుణించి, దాన్ని 0.7854తో, స్ట్రోకుతో, సిలిండర్ల సంఖ్యతో గుణించి, వెయ్యితో భాగిస్తే దాదాపు 2,502 సీసీ వస్తుంది. ఈ లెక్క ఒకసారి మీ చేత్తో చేసి చూడండి. స్ట్రోకు కొలిస్తే సీసీ ఎలా తేలుతుందో అర్థమయ్యాక, "ఇది పెద్ద ఇంజిన్ క్రాంక్" అని ఎవరన్నా మీరు కొలతతోనే మాట్లాడతారు.

స్ట్రోకు ఒక్కటే చూసి మోసపోకండి

స్ట్రోకు కొలవడం తేలిక. క్రాంక్‌ను రెండు చివరల మెయిన్ జర్నల్స్ దగ్గర వి బ్లాకుల మీద పెట్టాలి. ఒక పిన్‌ను పూర్తిగా పైకి తిప్పి, దాని పై అంచు ఎత్తు కొలవాలి. అదే పిన్‌ను పూర్తిగా కిందికి తిప్పి, మళ్లీ దాని పై అంచు ఎత్తే కొలవాలి. రెండింటి మధ్య తేడాయే స్ట్రోకు. హైట్ గేజ్ లేకపోయినా సమమైన బండ మీద రెండు చెక్క దిమ్మెలు పెట్టి, స్టీలు స్కేలుతో కొలిచినా మిల్లీమీటరు అటూ ఇటుగా తెలుస్తుంది. గుర్తుపట్టడానికి అది చాలు.

కానీ ఒకే స్ట్రోకు ఉన్న ఇంజిన్లు చాలా ఉంటాయి. నాలుగు సిలిండర్ల 4.203కూ 4.236కూ స్ట్రోకు 127 మి.మీటర్లే. పిన్ మందం మాత్రం వేరు. 4.236 పిన్ దాదాపు 63.5 మి.మీ. ఉంటుంది, 4.203 పిన్ అంతకన్నా సన్నం. డీజిల్ పంపుల సంగతీ అంతే. కిర్లోస్కర్ ఏవీ1కు బోరు 80, స్ట్రోకు 110. టీవీ1కు బోరు 87.5, స్ట్రోకు మాత్రం అదే 110. మొదటిది 553 సీసీ, రెండోది 661 సీసీ. తేడా మొత్తం బోరులోనే ఉంది. మంజీర ఒడ్డున డీజిల్ పంపు నడిపేవాళ్లకు "ఏడు హార్స్‌పవర్ క్రాంక్ వేస్తే ఐదు హార్స్‌పవర్ ఇంజిన్‌కు బలం వస్తుంది" అని ఎవరైనా చెబితే, ఈ రెండింటి స్ట్రోకూ ఒకటేనని గుర్తుచేసుకోండి. స్ట్రోకు మారకుండా క్రాంక్ మార్చితే ఇంజిన్ పీల్చే గాలి పెరగదు. గాలి పెరగకుండా డీజిల్ ఎక్కువ పోస్తే వచ్చేది నల్లటి పొగే.

బాన్సువాడ, బోధన్ కుర్రాళ్లలో పాత బుల్లెట్ 350ని 500లా తయారు చేయాలన్న ఉబలాటం ఉన్నవాళ్లకూ ఇదే మాట. బుల్లెట్ 350కి బోరు 70, స్ట్రోకు 90. బుల్లెట్ 500కు బోరు 84, స్ట్రోకు అదే 90. "500 క్రాంక్" అని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నంత మాత్రాన స్ట్రోకులో ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. పైగా బుల్లెట్ క్రాంక్ ఒకే ముక్క కాదు. రెండు ఫ్లైవీల్ పళ్లేల మధ్య పిన్‌ను ప్రెస్‌లో ఒత్తి కలిపినది. అందులో చూడాల్సింది కనెక్టింగ్ రాడ్ కిందికీ పైకీ ఆడుతోందా, రెండు పక్కల షాఫ్టులు ఒకే గీత మీద తిరుగుతున్నాయా అన్నదే. రాడ్ పక్కలకు కొంచెం జరగడం సహజం. కిందికీ పైకీ ఏ మాత్రం ఆడినా బిగ్ ఎండ్ అయిపోయినట్టే.

ఒంటి మీద రాతలు

క్రాంక్ వెబ్‌ల మీద, అంటే జర్నల్‌ను పిన్‌తో కలిపే దిమ్మెల మీద, ఉబ్బెత్తుగా కొన్ని అంకెలు కనిపిస్తాయి. అవి ఫోర్జింగ్ లేదా కాస్టింగ్ నంబర్లు. అచ్చు పోసినప్పుడో, వేడి ఉక్కును డైలో కొట్టినప్పుడో వచ్చినవి. చాలామంది కొనుగోలుదారులు ఆ నంబరు సరిపోతే క్రాంక్ సరిపోయినట్టే అనుకుంటారు. అది పొరపాటు. ఒకే ముడి దిమ్మె నుంచి రెండు మూడు రకాల క్రాంకులు చెక్కడం తయారీదార్లకు మామూలే. ఫ్లాంజి రంధ్రాలు, ముక్కు పొడవు, సీల్ గాడి తర్వాత మెషిన్ మీద వేరుగా వస్తాయి. కాబట్టి ముడి నంబరును కుటుంబం పేరుగా తీసుకోండి. మనిషిని తేల్చేది పూర్తయ్యాక సన్నగా చెక్కిన నంబరూ, మీ కొలతలూ. చెక్కిన అంకెల్లో 010, 020, 030 లాంటివి కనిపిస్తే, ఆ క్రాంక్‌ను ఇదివరకే ఎవరో గ్రైండింగ్ చేయించారన్నమాట. మనవాళ్లు పది సైజు, ఇరవై సైజు, ముప్పై సైజు అనేవి ఇవే. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క ఇది. పది సైజు అంటే మందం 0.25 మి.మీ. తగ్గినట్టు.

పోత ఇనుముదా, ఫోర్జింగ్ ఉక్కుదా తేల్చడానికి వెబ్‌ల పక్క అంచు చూడండి. రెండు అచ్చు పలకలు కలిసిన చోట పోత క్రాంక్‌కు సన్నటి గీత ఉంటుంది. ఫోర్జింగ్ క్రాంక్‌కు అదే చోట వెడల్పాటి పట్టీ కనిపిస్తుంది. డై పక్క నుంచి పొంగిన అదనపు ఉక్కును కోసేసిన గుర్తు అది. రెండో పరీక్ష శబ్దం. క్రాంక్‌ను ఒక చివర తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో వెబ్ మీద మెల్లగా కొట్టండి. పగుళ్లు లేని ఫోర్జింగ్ ఉక్కు గుడి గంటలా చాలాసేపు మోగుతుంది. పోతది మోగీ మోగనట్టు ఆగిపోతుంది. అయితే ఫోర్జింగ్ గుర్తులున్న క్రాంక్ చప్పగా పలికితే ఎక్కడో పగులు ఉందేమోనని అనుమానించాల్సిందే. అలాగని మోగిన ప్రతి క్రాంకూ పగుళ్లు లేనిదని కాదు. చిన్న పగులు చెవికి దొరకదు.

పెద్ద బరువు లాగే ట్రాక్టర్‌కూ, హార్వెస్టర్‌కూ ఫోర్జింగ్‌దే ఎంచుకోండి. మన దేశంలోనే పుణెలో 1961లో మొదలైన భారత్ ఫోర్జ్ లాంటి సంస్థలు దశాబ్దాలుగా క్రాంకులు కొట్టి ప్రపంచానికి పంపుతున్నాయి. పోతవన్నీ చెడ్డవని కాదు. ఇంజిన్ ఏ రకంతో పుట్టిందో ఆ రకమే వేయడం తెలివి. ఫోర్జింగ్‌తో పుట్టిన ఇంజిన్‌కు ధర తక్కువని పోతది బిగిస్తే, ఆదా చేసిన డబ్బు మొదటి కరిగెట్లోనే పోతుంది.

మైక్రోమీటర్ లేకుండా బేరం వద్దు

ఇక అసలు పని. కొత్తగా ఉన్నప్పుడు ఏడీ3.152 పిన్ మందం 57.12 మి.మీ. పది సైజుకు గ్రైండింగ్ చేస్తే 56.87, ఇరవైకి 56.61, ముప్పైకి 56.36. మీరు కొనబోయే క్రాంక్ పిన్ 56.36 చూపించిందంటే అది మూడో సైజుకు వచ్చేసింది. కంపెనీ పుస్తకాల్లో ఈ వరస సాధారణంగా ముప్పైతో ఆగుతుంది. బయటి మార్కెట్లో కొన్ని ఇంజిన్లకు నలభై సైజు బేరింగులు కూడా దొరుకుతాయి. కానీ క్రాంక్ కొన్నాక బేరింగు కోసం వెతకడం తలకిందులు పని. ముందు బేరింగు దొరుకుతుందో లేదో షాపులో అడిగి, తర్వాత క్రాంక్ ధర అడగండి. అమ్మేవాళ్లు స్టాండర్డ్ అన్నదాన్ని మీరు కొలిస్తే 56.61 వచ్చిందనుకోండి. గొడవ పెట్టుకోకుండా "అన్నా, ఇది ఇరవై సైజు, జర కొలిచి చూడు" అని మైక్రోమీటర్ చేతికివ్వండి. చాలామంది అమ్మేవాళ్లకూ తమ దగ్గరున్న సరుకు సైజు తెలియదు. కొలత చూపిస్తే బేరం దానంతటదే దారిలోకి వస్తుంది.

ఒక్కో జర్నల్‌ను నాలుగు చోట్ల కొలవాలి. ఒక చివర నిలువుగా, అడ్డంగా, మరో చివర మళ్లీ నిలువుగా, అడ్డంగా. నిలువుకూ అడ్డానికీ తేడా ఉంటే అది గుండ్రం తప్పింది. రెండు చివరల మధ్య తేడా ఉంటే వాలు అరిగింది. ఈ తేడా 0.025 మి.మీ. దాటితే గ్రైండింగ్ తప్పదని పెట్టుకోండి. పిన్‌లు మెయిన్ జర్నల్స్ కన్నా ఎక్కువగా గుండ్రం తప్పుతాయి, ఎందుకంటే పేలుడు ఒత్తిడి ప్రతిసారీ వాటి మీద ఒకే పక్కన పడుతుంది.

మే నెల ఎండలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇనుము వేడికి ఉబ్బుతుంది. 57 మి.మీ. మందం ఉన్న పిన్, నీడలో కన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాదాపు 0.013 మి.మీ. పెరుగుతుంది. మనం వెతుకుతున్న అరుగుదలలో అది సగం. ఎండలో పడి ఉన్న క్రాంక్‌ను అక్కడికక్కడే కొలిస్తే అరిగినది కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి షెడ్డులోకి తెప్పించి, గంటసేపు నీడలో పెట్టి, మైక్రోమీటర్‌నూ దాని పక్కనే ఉంచి, అప్పుడు కొలవండి. ఆ గంటలో టీ తాగండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ బండిలోంచి తీశారో, ఎందుకు తీశారో అడగండి. తొందరపెట్టని కొనుగోలుదారుతో అమ్మేవాళ్లు ఎక్కువ మాట్లాడతారు. ఇంజిన్ సీజ్ అయ్యిందా, కప్లింగ్ విరిగిందా, బండి బోల్తా పడిందా అన్న కథ కొలతకు ప్రత్యామ్నాయం కాదు. ఎక్కడ ఎక్కువ జాగ్రత్తగా చూడాలో మాత్రం అది చెబుతుంది.

సైజు తగ్గితే బలం తగ్గిపోతుందని చాలామందికి భయం. ఆ భయాన్నీ లెక్కతోనే చూడాలి. గుండ్రటి షాఫ్ట్ బలం దాని మందం ఘనంతో పాటు మారుతుంది. 57.12 నుంచి 56.36కు తగ్గినప్పుడు పోయే బలం దాదాపు నాలుగు శాతమే. ముప్పై సైజు క్రాంకులు విరిగిపోతున్నాయంటే కారణం చాలావరకు ఆ నాలుగు శాతం కాదు. పిన్ వెబ్‌లో కలిసే మూలలో ఉండాల్సిన గుండ్రటి ఒంపును, అంటే ఫిల్లెట్‌ను, గ్రైండింగ్ రాయి పదునుగా కోసేయడం అసలు కారణం. మెలిపెట్టే ఒత్తిడి అంతా వచ్చి కూడేది ఆ మూలలోనే. పగులు అక్కడే పుడుతుంది. కొనబోయే క్రాంక్‌ను వెలుతురులో పెట్టి ప్రతి మూలనూ వేలితో తడిమి చూడండి. నున్నటి ఒంపు ఉండాలి. గోరు తట్టుకునే మెట్టు ఉంటే ఆ క్రాంక్ వద్దు. కొన్నాక మీరు గ్రైండింగ్‌కు ఇచ్చేటప్పుడు కూడా "సైజుకు తీయండి" అని ఊరుకోకుండా "మూల ఒంపు కంపెనీ కొలతకే ఉండాలి" అని ముందే చెప్పండి.

గట్టిదనం సంగతీ ఉంది. కొన్ని క్రాంకుల జర్నల్స్ ఇండక్షన్ వేడితో గట్టిపరిచినవి. ఆ పొర కొన్ని మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, రెండు మూడు సార్లు గ్రైండింగ్ చేసినా మిగులుతుంది. నైట్రైడింగ్ చేసిన వాటికి గట్టి పొర అర మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. అలాంటి క్రాంక్‌ను గ్రైండింగ్ చేస్తే మళ్లీ నైట్రైడింగ్ చేయించాలి. లేకపోతే మెత్తబడిన పైపొర త్వరగా అరుగుతుంది. మీ ఇంజిన్ క్రాంక్ ఏ రకమో సర్వీసు పుస్తకంలో ఉంటుంది. రంగులను కూడా చదవడం నేర్చుకోండి. వెబ్ మీద జర్నల్‌కు ఆనుకొని ఉన్న నీలి పట్టీ గట్టిపరిచినప్పటి వేడి గుర్తు కావచ్చు, దానితో ఇబ్బంది లేదు. జర్నల్ మీదే నీలం, ఊదా మరకలుంటే బేరింగు కరిగి అంటుకున్నప్పటి వేడి అది. అక్కడ ఉక్కు గుణమే మారి ఉంటుంది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నా దాన్ని వదిలేయండి.

కంటికి కనిపించని పగులు

పగులు పరీక్షకు సరైన పద్ధతి అయస్కాంతంతో చేసేది. క్రాంక్‌ను అయస్కాంతంగా మార్చి, దాని మీద సన్నటి ఇనుప పొడి ఉన్న ద్రవం పోస్తారు. పగులు ఉన్న చోట పొడి గీతలా పేరుకుంటుంది. నిజామాబాద్ లేదా హైదరాబాద్ వైపు పెద్ద గ్రైండింగ్ షాపుల్లో అడిగి చూడండి. పరీక్ష అయ్యాక అయస్కాంతం తీసేశారో లేదో చిన్న గుండుసూది దగ్గర పెట్టి చూడండి. సూదిని లాగితే ఇంకా ఉన్నట్టే. అలాగే బిగిస్తే ఇంజిన్‌లో అరిగిన ప్రతి ఇనుప రజనూ బేరింగుల మీదికి లాక్కుంటుంది.

ఆ సౌకర్యం దగ్గరలో లేకపోతే పల్లెలో చేసుకోగల పరీక్ష ఒకటుంది. క్రాంక్‌ను శుభ్రంగా కడిగి, మూలలనూ ఆయిల్ రంధ్రాల అంచులనూ డీజిల్‌తో తడిపి కాసేపు ఉంచండి. పొడి గుడ్డతో బాగా తుడిచి, సుద్ద పొడి పూయండి. సుత్తితో మెల్లగా తట్టండి. పగులులో దాక్కున్న డీజిల్ బయటికి వచ్చి సుద్ద మీద సన్నటి తడి గీత గీస్తుంది. ఇది పెద్ద పగుళ్లనే చూపిస్తుంది. అయినా అమ్మేవాళ్ల కొట్టు దగ్గరే అరగంటలో అయిపోయే పరీక్ష కాబట్టి, డబ్బు చేతులు మారకముందు చేసి తీరాలి. పెద్ద పరీక్ష తర్వాత చేయించేట్టయితే బిల్లు మీద ఒక్క వాక్యం రాయించండి: పగులు తేలితే వాపసు. నోటి మాటగా ఒప్పుకున్నవాళ్లు కాగితం మీద రాయడానికి వెనుకాడితే, మీరూ వెనుకాడండి. రాణిగంజ్‌లోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఈ మాట అడగడానికి మొహమాటం అక్కర్లేదు. నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లకు అది అవమానం కాదు.

వంకర కూడా చూడాలి. రెండు చివరలను వి బ్లాకుల మీద ఉంచి, మధ్య మెయిన్ జర్నల్ మీద డయల్ గేజ్ పెట్టి నెమ్మదిగా తిప్పితే ముల్లు ఎంత ఆడిందో తెలుస్తుంది. 0.05 మి.మీ. దాటితే జాగ్రత్తపడాలి. అరిగిన జర్నల్‌కు వెల్డింగ్ పెట్టి, మళ్లీ స్టాండర్డ్ సైజుకు తెచ్చి అమ్మే క్రాంకులు కూడా ఉన్నాయి. జర్నల్ మీద సూది మొనల్లాంటి గుంటలు, మూలల్లో వేరే రంగు, కొత్త మెరుపు ఒక్కదాని మీదే ఉండి మిగతావి మాసి ఉండటం వాటి గుర్తులు. సాగు బరువు మోసే ఇంజిన్‌కు అలాంటిది వద్దు.

థ్రస్ట్ వాషర్ ఆనే పక్క ముఖాన్ని చాలామంది చూడనే చూడరు. బురదలో పని చేస్తూ క్లచ్ మీద కాలు ఆనించి ఉంచడం మన డ్రైవర్లలో చాలామందికి అలవాటు. కాలు ఆనించినంతసేపూ క్రాంక్ ముందుకు నెట్టబడుతుంది, ఆ ముఖం గాడి పడి అరుగుతుంది. క్రాంక్ ముందుకు వెనక్కు జరిగే ఆట చాలా ట్రాక్టర్లలో అర మిల్లీమీటరు లోపే ఉండాలి. ముఖం మీద వేలు పెట్టినప్పుడు గాడి తగిలితే, కొంచెం పెద్ద సైజు వాషర్లతో సరిపోతుందో లేదో గ్రైండింగ్ షాపులో చూపించి నిర్ణయించుకోండి.

బలం పెంచడం అంటే

ఇంజిన్ విప్పినప్పుడే ఇంకాస్త బలంగా చేయించుకోవాలన్న కోరిక న్యాయమైనదే. రోటవేటర్ వచ్చాక, చెక్కల కొలతలు పెరిగాక పాత ట్రాక్టర్ వెనకబడినట్టు అనిపిస్తుంది. కానీ డీజిల్ పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచడం, గవర్నర్ కదిలించి స్పీడు పెంచడం బలం పెంచడం కాదు. కాలని డీజిల్ గోడల మీదుగా ఛాంబర్‌లోకి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. క్రాంక్ బేరింగును మోసేది ఆ ఆయిల్ పొరే. స్పీడు సంగతి ఇంకా కఠినం. 2,000 తిరుగుళ్ల ఇంజిన్‌ను 2,400కు తీసుకుపోతే స్పీడు ఇరవై శాతమే పెరిగినట్టు కనిపిస్తుంది. పిస్టన్, రాడ్ బరువు వల్ల పిన్ మీద పడే లాగుడు మాత్రం నలభై నాలుగు శాతం పెరుగుతుంది.

నిజంగా పని పెంచేవి కంటికి ఆనని చిన్న పనులు. పిస్టన్లనూ రాడ్లనూ తూచి, అన్నింటి బరువూ సమానంగా వచ్చేలా చేయించండి. క్రాంక్‌ను ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటుతో కలిపి బ్యాలెన్స్ చేయించండి. ఆయిల్ రంధ్రాల అంచులు పదునుగా ఉంటే గుండ్రంగా నునుపు చేయించండి. లోపలి ఆయిల్ దారుల్లో పేరుకున్న మడ్డిని డీజిల్, గాలితో పూర్తిగా తీయండి. పాత క్రాంక్‌తో వచ్చే మడ్డి కొత్త బేరింగుకు మొదటి శత్రువు. బేరింగు సందు పిన్ మందంలో వెయ్యో వంతు దగ్గర ఉండాలి, 57 మి.మీ. పిన్‌కు దాదాపు 0.057. ప్లాస్టిగేజ్ అనే మెత్తటి ప్లాస్టిక్ పోగు పెట్టి, టార్క్ రెంచితో బిగించి, విప్పి, నలిగిన వెడల్పు చూసి నిర్ధారించుకోండి. ఈ పనులన్నీ చేసిన ఇంజిన్ అదే డీజిల్‌తో తక్కువ వణుకుతూ ఎక్కువ పొలం చేస్తుంది. కరిగెట్లో ఒక గేరు పైన నడిచే ట్రాక్టర్ కోసం మీరు వెతికేది ఇదే.

బిగించేటప్పుడు ప్రతి మెయిన్ క్యాప్ బిగించాక క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడండి. ఒక క్యాప్ బిగించగానే బరువుగా మారితే అక్కడే ఆగి కారణం వెతకాలి. మొదటి యాభై గంటలు పూర్తి బరువు పెట్టకుండా, అలాగని ఊరికే నిదానంగా ఆడించకుండా, మధ్యస్తం పనిలో నడిపి ఆయిలూ ఫిల్టరూ మార్చండి. పాత ఆయిల్‌ను తెల్ల గుడ్డలో వడకట్టి చూడండి. బూడిద రంగు సన్నటి ముద్ద మామూలే, మెరిసే రేకులు కనిపిస్తే మళ్లీ ఛాంబర్ విప్పాలి.

చివరగా, మీరు కొలిచినవన్నీ రాసిన నోట్‌బుక్ పేజీని ట్రాక్టర్ కాగితాలతో పాటు దాచండి: పిన్‌ల సైజు, మెయిన్ల సైజు, వేసిన బేరింగు వెనక ఉన్న నంబరు, థ్రస్ట్ వాషర్ మందం, వెనక సీల్ రకం, గ్రైండింగ్ చేసిన తేదీ. ఆ సైజును వెబ్ మీద చదవడానికి వీలైన చోట చెక్కించండి. ఫిల్లెట్ దగ్గర మాత్రం ఎప్పుడూ చెక్కించకూడదు, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.